జేబులో మిగిలిన రెండో జత

ఏడేళ్ళుగా నేనొక బరువు మోస్తున్నాను. బరువుల విషయంలో నా మాట నమ్మవచ్చు. నేను పైలట్‌ని. ఎక్కే మనిషికీ, ఎక్కించే పెట్టెకీ లెక్క చూసుకోందే మేము విమానాన్ని అంగుళం కదపం. ఈ ఒక్క బరువునే ఏ లెక్కలోనూ చూపించకుండా ఎగురుతున్నాను.

కాబట్టి కాస్త సర్దుకుని కూర్చోండి, ఇదొక మహాగాథ. ఇందులో కారుమబ్బులుంటాయి. మెరుపులుంటాయి. ఒక ఇంజను దగ్గి, మూలిగి, ఆగిపోతుంది. వెనక సీట్లలో జనం తమతమ దేవుళ్ళని పిలుస్తుంటారు. ముందు సీట్లో నేను, పెదవి కొరుక్కుంటూ, ఒంటి చేత్తో…

అవేవీ లేవు. నా సర్వీసులో ఇప్పటిదాకా జరిగిన పెద్ద ప్రమాదం, యూనిఫామ్ మీద సాంబారు పడటం. నేను మోస్తున్న బరువేమో స్పాంజితో చేసిన రెండు చెవి బిరడాలు. నారింజ రంగువి. చప్పుడు ఎక్కువున్న కార్ఖానాల్లో పనివాళ్ళు చెవుల్లో దోపుకునేవి. త్రాసులో వేస్తే ముల్లు కూడా కదలదు.

మీకే ఎందుకు చెప్తున్నానంటే, మీరెవరో నాకు తెలియదు కాబట్టి. తెలిసినవాళ్ళకి చెప్పబోయిన ప్రతిసారీ మధ్యలో ఏదో జోకు తగిలేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను బయటపడేవాణ్ణి. నా జోకులు చాలావరకు అందుకే పుట్టాయని ఈమధ్యే అర్థమైంది. ఈసారి జోకు వచ్చినప్పుడల్లా ఆగి, అది దేని మీద మూత పెడుతోందో చూస్తాను. ప్రతిసారీ కుదురుతుందని మాత్రం మాటివ్వలేను.

వంశీ గురించి మొదలుపెట్టాలి.

వంశీది తెనాలి. అమీర్‌పేటలో పైలట్ పరీక్షల కోచింగ్‌లో నాకు పరిచయం. ఆ బిల్డింగ్‌లో కింద కంప్యూటర్ కోర్సులు, మధ్యలో బ్యాంకు పరీక్షలు, అందరికంటే పైన మేము. ఆకాశానికి దగ్గరని కాదు, ఆ అంతస్తుకి అద్దె తక్కువని. అక్కడ కూర్చుని మబ్బుల రకాలు బట్టీ కొట్టేవాళ్ళం. కిటికీలోంచి చూస్తే మబ్బులు కనపడేవి కావు, కోర్సుల ఫ్లెక్సీలు కనపడేవి.

రాతపరీక్షలు ఇద్దరమూ గట్టెక్కాం. పక్క రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ అకాడమీలో, ఒకే బ్యాచ్‌లో, ఇద్దరికీ సీట్లు వచ్చాయి. ఇక మిగిలింది క్లాస్ వన్ మెడికల్. జీతానికి విమానం నడపాలనుకునేవాడు తప్పించుకోలేనిది. కళ్ళు, గుండె, రక్తం, మూత్రం, చెవులు, అన్నీ చూస్తారు. అందులో ‘ఫిట్’ అనిపించుకుంటేనే బ్యాచ్‌లో చేరొచ్చు, లేకపోతే మన సీటు వెనకాల వరసలో ఉన్నవాడికి పోతుంది.

నా భయం చెవులు. ఎందుకో చెప్పాలంటే మా డాడీ గురించి చెప్పాలి.

మాది సనత్‌నగర్. డాడీ ఒక చిన్న కార్ఖానాలో ప్రెస్ మెషీన్ మీద పనిచేస్తాడు. ఇనుప రేకుని దబ్బుమని కొట్టి గిన్నె ఆకారం తెచ్చే మెషీన్ అది. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆ దబ్బు వింటాడు. ఇంటికొచ్చాక మేమంతా అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం. కొత్తవాళ్ళకి మా ఇంట్లో రోజూ పోట్లాటే అనిపించేది. ఆదివారం సెలవు. చర్చిలో గిటార్లూ డ్రమ్ములూ మొదలవగానే డాడీ చివరి బెంచీకి వెళ్ళిపోయేవాడు. ఆ ఒక్క రోజు విశ్రాంతితో చెవులు మెల్లగా తేరుకునేవి. సోమవారం పొద్దున డ్యూటీకి వెళ్ళేలోపు డాడీకి గుసగుస కూడా వినపడేది. అందుకే మా మమ్మీ ముఖ్యమైన విషయాలన్నీ సోమవారం టీ దగ్గరే ఎత్తేది. నా మార్కులు, బంధువుల గొడవలు, ఇంటి ఓనరు మాటలు, అన్నీ. మంగళవారం చెప్తే దండగ.

అంటే పెద్ద చప్పుడు చెవిని ఎలా మొద్దుబారుస్తుందో, ఎంతసేపు విశ్రాంతిస్తే అది తిరిగొస్తుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. ఈ సంగతి దయచేసి గుర్తుపెట్టుకోండి. తర్వాత నేను తెలియనట్టు నటిస్తాను.

ఇంటర్ సెలవుల్లో రెండు వేసవులు నేనూ ఆ కార్ఖానాలో పనిచేశాను. తను పెట్టుకోకపోయినా, బిరడాలు పెట్టుకోమని డాడీ నన్ను తిట్టేవాడు. పెట్టుకుంటే తోటివాళ్ళు నవ్వుతారని నేను పెట్టుకోలేదు. దాంతో నా ఎడమ చెవికి సన్నని శబ్దాలు సరిగా అందేవి కావు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. వంశీ ఒక్కడే కనిపెట్టాడు.

ఎలాగంటే, మెడికల్‌లో ఒక పరీక్ష ఉంటుంది. గదికి ఆ చివర డాక్టరు నిలబడి గుసగుసగా ఏదో అంటాడు. మనం అటు తిరిగి, ఒక చెవి మూసుకుని, విన్నది తిరిగి చెప్పాలి. మధురానగర్‌లో వంశీ ఉండే హాస్టల్ డాబా మీద మేమిది రోజూ సాధన చేసేవాళ్ళం. నీళ్ళ ట్యాంకు దగ్గర వంశీ, పిట్టగోడ దగ్గర నేను. మొదట్లో అంకెలు చెప్పేవాడు. విసుగొచ్చాక “పప్పుచారు”, “గోంగూర”, “వార్డెన్ విగ్గు” అనేవాడు. మూడోది నాకు వినపడలేదు. మెట్ల మీద ఉన్న వార్డెన్‌కి వినపడింది. మా ముగ్గురిలో క్లాస్ వన్ ఫిట్ ఆయనొక్కడే అని తేలింది.

కుడి చెవి మూసుకున్నప్పుడు నేను తడబడటం వంశీ గమనించాడు. మర్నాటి నుంచి ఎడమ చెవి వంతు వచ్చినప్పుడు ఓ రెండడుగులు ముందుకొచ్చి చెప్పేవాడు, నాకు తెలియదనుకుని. రోజుకి కాస్త చొప్పున మళ్ళీ వెనక్కి జరిగేవాడు. ఓపికగా. నేనెప్పుడూ ఎవరికోసమూ అంత ఓపిక పట్టలేదు.

అలాంటివాడికి అన్యాయం చేశాను నేను.

మెడికల్ సోమవారం పొద్దున, పంజాగుట్టలో ఒక వైద్య కేంద్రంలో. దాని ముందు రోజు ఆదివారం, బల్కంపేటలో బోనాలు. మా ఇద్దరికీ అక్కడ పనేమీ లేదు. కానీ వంశీ వాళ్ళమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి, అంత దగ్గర్లో ఎల్లమ్మ తల్లి ఉండగా దణ్ణం పెట్టుకోకుండా పరీక్షకి ఎలా వెళ్తావని అడిగింది. అమ్మ మాట కాదనే రకం కాదు వాడు. నన్ను తోడు రమ్మన్నాడు.

నేను బయల్దేరుతుంటే డాడీ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

“ఏడికిరా?” అని అరిచాడు.

“బల్కంపేటకు డాడీ. వంశీతోటి. ఆళ్ళమ్మ మొక్కి రమ్మన్నదంట.”

“రేపు పరీక్ష పెట్టుకొనా?”

మొక్కు మీద డాడీకి అభ్యంతరం లేదు. ఎవరి దేవుడు వాళ్ళకి. ఆయన అభ్యంతరం చప్పుడు మీద. లేచి లోపలికెళ్ళి, తన టిఫిన్ బ్యాగులోంచి రెండు జతల బిరడాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“ఒకటి నువ్వు పెట్టుకో. ఇంకోటి గా పిలగానికియ్యి. డీజేలు మస్తు పెడ్తరు. గంటసేపు ఇంటె రెండు దినాలు చెవులు పని చెయ్యవు. నన్ను జూస్తలేవా?”

“ఇస్త.”

“మర్శిపోకు.”

మర్చిపోలేదు. ఆ మాట అంటే నా పని తేలికయ్యేది. ఏడేళ్ళుగా అప్పుడప్పుడూ అనుకుని చూశాను కూడా. మర్చిపోయాను, జనంలో ధ్యాస లేదు, జేబులో చెయ్యి పెట్టే వీలు లేదు. ఒక్కటీ నిలబడలేదు. హాస్టల్‌కి నడిచినంతసేపూ ఆ రెండో జత నా వేళ్ళ మధ్యే ఉంది. నలుపుతూనే ఉన్నాను.

హాస్టల్ గేటు దగ్గర వంశీ కొత్త చొక్కాలో నిలబడి ఉన్నాడు. అక్కడ మేము మాట్లాడుకున్నది నాకు మాట పొల్లు పోకుండా గుర్తుంది. దాన్ని ఏ జోకుతోనూ చెరపలేకపోయాను.

“మావా, రేపు చెవుల టెస్టుంది కదా. ఈ గోలలోకి వెళ్తే ఏమన్నా అవుతుందంటావా? నువ్వంటే వర్క్‌షాప్ మనిషివి, నీకు తెలుస్తుంది.”

“నీ చెవులకేమైతది రా? మీ మెస్‌ల చెంచా కింద పడితే, డాబా మీదికెంచి అది ఏ చెంచానో చెప్తవు.”

“జోకులు కాదు. నిజంగా చెప్పు.”

“నిజంగనే చెప్తున్న. ఒక్క గంటకే చెవులు పోతయా? పోతే బల్కంపేటల సగం మంది చెవిటోళ్ళే ఉండాలె.”

వాడు నవ్వాడు. “సరే పద. నువ్వన్నావు కాబట్టి.”

నువ్వన్నావు కాబట్టి. అంతే. చీకూచింతా లేకుండా నా పక్కన నడిచాడు.

ఎందుకు చేశావని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. అసూయా? కొంత. వాడి చెవుల మీదా, వాడి నెమ్మది మీదా. కానీ అది చాలదు. నిజం ఇంకా చిన్నది, అందుకే ఇంకా సిగ్గుచేటు. మర్నాడు నేను ఫెయిలవుతానని నాకు గట్టి నమ్మకం. ఫెయిలవడం కంటే నేను ఒక్కణ్ణే ఫెయిలవడం భయం. ఇద్దరమూ పోతే దానికి ‘వాళ్ళ మెషీన్ బాలేదు’ అని పేరు పెట్టుకోవచ్చు. ఇద్దరమూ కలిసి టీ తాగుతూ వ్యవస్థని తిట్టుకోవచ్చు. మునిగేటప్పుడు ఈత వచ్చినవాడి కాలు పట్టుకున్నాను. బతుకుదామని కాదు, తోడు ఉంటాడని.

అప్పట్లో నా జుట్టు చెవుల మీదికి ఉండేది. గుడి వీధి మలుపులో, వంశీ చెప్పులు విప్పుతున్నప్పుడు, నా జత నేను దోపుకున్నాను.

ఆ తర్వాత బోనాలు నాకు వినపడలేదు. కనపడ్డాయి. పసుపు రాసిన కాళ్ళు, తలల మీద దీపాలతో బోనాలు, వేపమండలు, తీన్మార్ వాయించేవాళ్ళ చేతులు. చప్పుడంతా దుప్పటి కింద నుంచి వస్తున్నట్టుంది. నా ఊపిరి మాత్రం నాకు స్పష్టంగా వినపడుతోంది. దర్శనం అయ్యాక జనం తోపులాటలో మేమొక డీజే బండి పక్కకి చేరాం. మనిషెత్తు స్పీకర్లు. వంశీ చొక్కా ఆ దెబ్బలకి ఒంటి మీదే కొట్టుకుంటోంది. పక్కకి లాగొచ్చు. లాగలేదు. వాడు నా వైపు తిరిగి ఏదో అన్నాడు. పెదవులు చదివాను. “సూపరుంది మావా.” తర్వాత అక్కడి కుర్రాళ్ళు చేతులు పట్టుకు లాగితే వాళ్ళతో పాటు ఎగిరాడు. లయ తప్పినా మానలేదు. పక్కనున్న ఒక ముసలావిడ నవ్వుతూ వాడి నుదుటికి బొట్టు పెట్టింది. నేను పక్కనే నిలబడి, జేబులో చెయ్యి పెట్టుకుని, ఆ స్పాంజి ముక్కల్ని పిసుకుతున్నాను.

తిరిగొచ్చేటప్పుడు వంశీ అరుస్తూ మాట్లాడుతున్నాడు. తను అరుస్తున్నట్టు వాడికి తెలియడం లేదు. మా ఇంట్లో పెరిగిన నాకు ఆ గొంతు ఎక్కడ విన్నా తెలుస్తుంది.

“మావా, చెవుల్లో ఈల వేస్తున్నట్టుంది!”

డాడీ చెవుల్లోనూ శనివారం సాయంత్రానికి ఈల మోగేది. “చెవులు ఏడుస్తున్నయి” అనేవాడు.

“అమ్మవారు ఆల్ ద బెస్ట్ చెప్తున్నది రా,” అన్నాను.

వాడు పకపకా నవ్వాడు. మంచి జోకే. మామూలుగా అయితే నాలుగు చోట్ల వాడుకునేవాణ్ణి. మళ్ళీ ఎక్కడా వాడలేదు.

ఇంటికెళ్ళగానే డాడీ అడిగాడు. “గా పిలగానికి ఇచ్చినవా?”

“ఇచ్చిన.”

ఇక్కడి దాకా ఒక అల్లరి కిందా, కుళ్ళు కిందా కొట్టేయొచ్చేమో. సోమవారం పొద్దున నాకు ఇంకో అవకాశం దొరికింది. ఇంతకంటే తేలికైన అవకాశం ఎవరికీ దొరకదు.

పంజాగుట్ట కేంద్రంలో మేమిద్దరం పరగడుపున, మొహాలు పీక్కుపోయి కూర్చున్నాం. వినికిడి పరీక్ష చేసే మేడమ్ బయటికొచ్చి వరసలో ఉన్న అందరినీ కలిపి అడిగింది. “నిన్న ఎవరైనా పెద్ద శబ్దాల దగ్గర ఉన్నారా? డీజేలు, ఫంక్షన్లు, ఏవైనా? ఉంటే ఇప్పుడే చెప్పండి. రెండు రోజులాగి రండి, అప్పుడు చేస్తాను. ఏం పర్లేదు.”

ఏం పర్లేదు. రెండు రోజులు. బ్యాచ్ మొదలవడానికి ఇంకా టైముంది.

వంశీ నా వైపు వంగాడు. “మావా, బోనాలు చెప్పాలా?”

ఆ క్షణం నా తలలో ఏం తిరిగిందో చెప్తాను. వాడు చెప్తే ఆవిడ నన్నూ అడుగుతుంది, నువ్వూ వెళ్ళావా అని. వెళ్ళానంటే నన్నూ పంపేస్తుంది. రెండు రోజులు ఈ భయాన్ని మళ్ళీ మోయాలి. వెళ్ళలేదంటే వంశీ ముందే అబద్ధం. బిరడాలు పెట్టుకున్నానంటే, మరి నాకేవి అంటాడు వాడు. లెక్కలు నాకు ఎప్పుడూ అంత చురుగ్గా రాలేదు.

“అవసరం లేదు రా. ఊకె అనుమానపడ్తరు. చెప్పకు.”

మేడమ్ వాడి దాకా వచ్చింది. “మీరు?”

“లేదండీ,” అన్నాడు వంశీ.

నన్ను ముందు పిలిచారు. చప్పుడు చొరబడని చిన్న గది. అద్దం అవతల మేడమ్. చెవులకి హెడ్‌ఫోన్లు. ఎక్కడో చాలా దూరంలో, చీమ ఈల వేసినట్టు, ఒక సన్నని కూత. వినపడితే బటన్ నొక్కాలి. కుడి చెవి బాగానే నడిచింది. ఎడమ చెవి దగ్గర నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. డాబా మీద వంశీ రోజూ కాస్త వెనక్కి జరుగుతూ పలికిన మాటలు గుర్తొచ్చాయి. గోంగూర. పప్పుచారు. ఆ దూరాన్ని వినడం నేర్చుకున్నాను కదా. నొక్కాను. మళ్ళీ నొక్కాను.

పాసయ్యాను. అంచు మీద, అయినా పాసే. నా అంచనాలన్నిటిలో తప్పింది అదొక్కటే.

తర్వాత వంశీ. నేను బయట నుంచి అద్దంలోంచి చూస్తున్నాను. వాడి చేతిలో బటన్ ఉంది. మేడమ్ ఏదో మీట తిప్పుతోంది. వాడి బొటనవేలు కదలడం లేదు. వాడు కళ్ళు మూసుకున్నాడు. నుదురు ముడిచాడు. ఇంకా కదలడం లేదు. ఆవిడ మీట ఇంకాస్త తిప్పింది. అప్పుడు నొక్కాడు. ఆవిడ మొహం చూడగానే నాకు అర్థమైంది.

బయటికొచ్చి మళ్ళీ అడిగింది. “నిజంగా నిన్న ఎక్కడికీ వెళ్ళలేదా? జలుబు ఏమైనా?”

వంశీ నా వైపు చూశాడు. నేను నా బూట్ల వైపు చూశాను. లేసులు బాగానే కట్టి ఉన్నాయి.

“లేదండీ.”

తాత్కాలికంగా అన్‌ఫిట్. మూడు నెలలాగి, చెవుల డాక్టరుకి చూపించుకుని రమ్మన్నారు. బ్యాచ్ అంతకాలం ఆగదు.

బయట మెట్రో వంతెన కింద టీ తాగాం. నేను ఊహించుకున్న టీయే, కాకపోతే తిట్టడానికి వ్యవస్థ దొరకలేదు. వంశీ గ్లాసు తిప్పుతూ ఒక మాటన్నాడు. ఇంతవరకూ రాసినదంతా ఈ ఒక్క మాట దగ్గరికి రావడానికే.

“బోనాల వల్లేమో అనుకున్నా మావా. కానీ నువ్వూ నా పక్కనే ఉన్నావుగా. నీకేం కాలేదు. అంటే నా చెవులే వీకన్నమాట.”

అప్పుడు తెలిసింది నేను చేసిందేమిటో. నా చెవుల్లోని ఆ జత వల్ల, నేను వాడికి సాక్ష్యాన్ని అయ్యాను. అదే చప్పుడు, అదే స్పీకరు, అదే గంట. ఒకడు పాస్, ఒకడు ఫెయిల్. ఏ తెలివైన మనిషైనా వాడిలాగే లెక్క కడతాడు. ఆ లెక్కలో ఒక అంకె నా జేబులో ఉంది. అక్కడ, ఆ బల్ల మీద పెట్టొచ్చు. “ఇదిగో రా, ఇందుకు” అనొచ్చు. పైకి పరుగెత్తి మేడమ్‌కి చెప్పొచ్చు. ఆవిడ ఇంకా లోపలే ఉంది.

“టీల చక్కర తక్కువైంది,” అన్నాను.

అకాడమీకి వెళ్ళాక వంశీ ఒకసారి ఫోన్ చేశాడు. మూడు నెలలు అయిపోయాయి, మళ్ళీ వెళ్ళాలా అని. ఇంకోసారి ‘నీ చెవులు పనికిరావు’ అని వినిపించుకోవడం ఎందుకులే, నాన్నగారు కూడా వద్దంటున్నారు అన్నాడు. నేను “ఊఁ” అన్నాను. ఆ ఒక్క అక్షరంతో ఒక మనిషి పైలట్ కాకుండా పోయాడు. వాడు అదే అమీర్‌పేట బిల్డింగ్‌లో పై అంతస్తు నుంచి కింది అంతస్తుకి దిగి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్నాడు. ఉద్యోగం వచ్చింది. బాగానే ఉన్నాడు. ‘బాగానే ఉన్నాడు’ అనే ముక్కని నేను చాలా కాలం దిండులా వాడుకున్నాను.

బాగానే ఉన్నాడు, కానీ చెవులు పాడైనవాడిలా బతుకుతున్నాడు. మీటింగుల్లో ముందు వరసలో కూర్చుంటాడు. ఎవరైనా మెల్లగా మాట్లాడితే “సారీ అండీ, నాకు కొంచెం వినికిడి సమస్య” అని ముందే చెప్పేస్తాడు. ఒక పెళ్ళి సంబంధం వస్తే, దాచడం తప్పని, చెవుల సంగతి వాళ్ళకి వివరంగా చెప్పాడు. ఆ సంబంధం తప్పిపోయింది. తర్వాత మౌనిక వచ్చింది. “పర్లేదులెండి, నేను గట్టిగానే మాట్లాడతాను” అందట. పెళ్ళిలో ఈ కథ వాడే చెప్పి నవ్వించాడు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. ఆ హాల్లో, అంత మేళం మధ్య, మౌనిక వాళ్ళ చిన్నాన్న పక్క బల్ల దగ్గర వాడి గురించి గొణిగిన మాట వాడికి వినపడింది, నాకు తిరిగి చెప్పాడు. నా ఎడమ చెవికి వినపడలేదు. వాడి చెవులు మంగళవారం సాయంత్రానికే తిరిగొచ్చి ఉంటాయి. ఏడేళ్ళ కిందటి మంగళవారానికి.

ఇక ఇప్పటి సంగతి.

పోయిన వారం వంశీకి కూతురు పుట్టింది. పంజాగుట్టలోనే, ఆ కేంద్రానికి దగ్గర్లోనే ఒక ఆసుపత్రి. పసిపిల్లలకి అక్కడ వినికిడి పరీక్ష చేస్తారట. నాకు ఫోన్ వచ్చింది.

“మావా, రాగలవా?” గొంతు బాలేదు. “పాప మొదటి టెస్టులో పాస్ కాలేదు. చెవుల్లో తడి ఉన్నా అలా వస్తుందంట, రేపు మళ్ళీ చేస్తామన్నారు. కానీ నాకు తెలుసు. నా చెవులే వచ్చాయి.”

వెళ్ళాను. గది తలుపు ఓరగా తీసి ఉంది. మౌనిక మంచం మీద, పాప ఆమె పక్కన. మౌనిక వాళ్ళమ్మ కిటికీ దగ్గర, ఏమీ అనకుండా, ఏమీ అనడం లేదని అందరికీ తెలిసేలా నిలబడింది. వంశీ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని భార్య చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

“సారీ,” అంటున్నాడు. “నాది కదా వచ్చింది. సారీ మౌనీ.”

నేను తలుపు బయటే ఉండిపోయాను. నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. వెతికాను. అన్ని జేబులూ వెతికాను. ఏమీ లేదు. నేను చేసిన తప్పుకి ఒక మనిషి తన భార్యకి క్షమాపణ చెప్పుకుంటున్నాడు. రెండు రోజుల పిల్ల కూడా ఆ లెక్కలోకి వచ్చి పడింది.

మర్నాడు మళ్ళీ పరీక్ష చేశారు. రెండు చెవులూ బాగున్నాయి. వంశీ కారిడార్లో నన్ను కౌగిలించుకున్నాడు. “అమ్మయ్య మావా, పాపకి మౌనిక చెవులొచ్చాయి. నావి రాలేదు.” మౌనిక వాళ్ళమ్మ స్వీట్లు పంచింది. నేను రెండు తీసుకున్నాను.

అప్పుడు కూడా చెప్పలేదు. ఇది కూడా రాయాలి కదా. అంత సంతోషంలో చెప్తే పాడుచేసినట్టుంటుంది అనుకున్నాను. అంతకుముందు దుఃఖంలో ఉన్నాడని చెప్పలేదు. మామూలుగా ఉన్న రోజుల్లో ఎందుకులే అని చెప్పలేదు. ఈ లెక్కన చెప్పడానికి వీలైన రోజు క్యాలెండర్లో వేయలేదు.

ఈ ఏడాది నా మెడికల్ రేపే. ఏటా వెళ్ళాలి, అదే పంజాగుట్ట, అదే గది. ప్రతి ఏడూ ఆ గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు కూత మొదలవకముందు కొన్ని క్షణాలు పూర్తి నిశ్శబ్దం ఉంటుంది. మిగతావాళ్ళకి అక్కడ ఏం వినపడుతుందో నాకు తెలియదు. నాకు “లేదండీ” అని వినపడుతుంది.

మెడికల్ ముందు రోజు చెవులకి విశ్రాంతినివ్వాలి కాబట్టి ఇవాళ ఇంట్లోనే ఉన్నాను. టీవీ లేదు, మిక్సీ లేదు. కింద వీధిలో ఎవరో తోపుడు బండి మీద అల్లం అమ్ముతున్నారు, అంతే. ఆ నిశ్శబ్దంలో కూర్చుని మీకు ఇదంతా రాశాను. రాసి, వంశీకి కూడా రాశాను. ఫోన్ చేయలేదు. చేస్తే రెండో వాక్యంలోనే నవ్వించేస్తానని తెలుసు. మెసేజ్ చిన్నదే. నీ చెవులు ఎప్పుడూ బాగానే ఉన్నాయి. ఆ రోజు నేను బిరడాలు పెట్టుకున్నాను. నీ కోసం డాడీ ఇచ్చిన జత నా జేబులోనే ఉంచుకున్నాను. మేడమ్‌కి చెప్పొద్దన్నది కూడా అందుకే. ఒక్కసారి వెళ్ళి పరీక్ష చేయించుకో. ఇందులో జోకు లేదు.

పంపాక రెండు నీలం గీతలు పడ్డాయి. చదివాడు. పైన ‘టైపింగ్’ అని వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. ఆగింది. చాలాసేపటికి జవాబు వచ్చింది.

“పాప ఇప్పుడే పడుకుంది. తర్వాత.”

తర్వాత ఏమిటో నాకు తెలియదు. తిడతాడో, ఇక నా మొహం చూడడో, ఏమీ అనడో. ఏమీ అనకపోతేనే కష్టం. అయినా ఏడేళ్ళలో మొదటిసారి ఆ లెక్కలో అంకెలన్నీ బల్ల మీద ఉన్నాయి. ఛాతీలో ఏదో కాస్త సడలినట్టుంది. దాన్ని ఉపశమనం అనొచ్చో, పొద్దున్నుంచి సరిగా తినకపోవడం అనాలో తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పుడే కేంద్రం నుంచి కూడా మెసేజ్ వచ్చింది. రేపు పరగడుపున రావాలి. లిఫ్టు పనిచేయట్లేదు, మూడో అంతస్తు. మెట్లెక్కి వచ్చినవాళ్ళు కాసేపు కూర్చున్నాకే బీపీ చూస్తారట.